తీగ పాతబడితే శాడిల్ జరిపి లాభం లేదు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా చర్చి క్వైర్‌లో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. స్ట్రాట్ తరహా గిటార్, కొని ఏడాది అయింది. తీగలు కొన్నప్పటివే. మూడు నెలల క్రితం విజయవాడలో ఒక షాపులో ఇచ్చి ఇంటొనేషన్ (నెక్ మీద ఎక్కడ నొక్కినా స్వరం సరిగ్గా పలికేలా సర్దడం) చేయించాను. కొన్ని వారాలు బాగానే ఉంది, మళ్ళీ మొదటికొచ్చింది. ఓపెన్‌గా, అంటే ఎక్కడా నొక్కకుండా మీటితే ట్యూనర్ సరిగ్గానే చూపిస్తుంది. పన్నెండో ఫ్రెట్ (నెక్ మీది అడ్డ కడ్డీ) దగ్గర నొక్కితే ఆరో తీగ, ఐదో తీగ ఐదారు సెంట్లు (పక్కపక్క ఫ్రెట్ల స్వరాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ చూపిస్తున్నాయి. మూడో తీగ ఒక్కోసారి ఒక్కోలా ఉంటోంది. కీబోర్డుతో కలిసి వాయిస్తే వినలేకపోతున్నాం. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) మార్చాలని షాపువాళ్ళు అంటున్నారు. మా అక్క వీణ నేర్చుకుంది. ట్యూనర్ సరిగ్గా చూపించినప్పుడు కూడా ఈ మేజర్ (E major) కార్డ్‌లో గాంధారం ఎక్కువగా పలుకుతోందని తను అంటుంది. బ్రిడ్జ్ మార్చాలా? గిటార్ అమ్మేసి వేరేది కొనాలా? ఆదివారం వస్తోందంటే టెన్షన్‌గా ఉంటోంది.

జవాబు: బ్రిడ్జ్ మార్చకండి. గిటార్ అమ్మే ఆలోచన కూడా మానుకోండి. అప్పటికే తొమ్మిది నెలలు వాయించిన తీగల మీద మీకు ఇంటొనేషన్ చేశారు. ఇబ్బంది అక్కడే మొదలైంది. ముందు కొత్త తీగలు వేసి, ఆ తర్వాతే శాడిల్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మ) ముట్టుకోవాల్సింది. పాత తీగకు తగ్గట్టు శాడిల్ జరిపితే ఆ తీగ ఆ రోజు ఉన్న స్థితికి మాత్రమే సరిపోతుంది. నెల తిరిగేసరికి తీగ ఇంకొంచెం పాడవుతుంది, లెక్క మళ్ళీ తప్పుతుంది. శాడిల్ తనంతట తాను జరిగేది కాదు, స్క్రూ, తీగ బిగువు కలిసి దాన్ని అక్కడే పట్టి ఉంచుతాయి. కాబట్టి ఈ మూడు నెలల్లో మారింది తీగేనని నా నమ్మకం.

ఇది మీరే ఇంట్లో పరీక్షించి చూసుకోవచ్చు. ముందుగా పికప్‌ల (తీగల కిందుండి శబ్దాన్ని అందుకునే అయస్కాంతాల) ఎత్తు చూడండి. అవి తీగలకు మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి స్వరాన్ని చెడగొడుతుంది, ముఖ్యంగా లావు తీగల్ని. అలా ఉంటే పక్క స్క్రూలు తిప్పి కాస్త కిందికి దించండి. ఇప్పుడు ఆరో తీగను ఓపెన్‌గా మీటండి. మీటిన మొదటి క్షణంలో స్వరం కొంచెం పైకి ఎగురుతుంది, అది తగ్గాక ట్యూనర్ చూసి సరిచేయండి. తర్వాత అదే తీగను పన్నెండో ఫ్రెట్ కడ్డీకి సరిగ్గా పైన వేలితో ఊరికే తాకి, నొక్కకుండా మీటి, వెంటనే వేలు తీసేయండి. సన్నగా, తేటగా పలికే ఆ స్వరమే హార్మోనిక్. అది ఓపెన్ స్వరానికి పై స్థాయిలో సరిగ్గా అదే స్వరం కావాలి. ఓపెన్‌గా 82.4 హెర్ట్జ్ పలికే ఆరో తీగ హార్మోనిక్‌లో 164.8 పలకాలి.

ఈ పరీక్షలో గమనించాల్సింది ఏమిటంటే, ఓపెన్‌గా మీటినా హార్మోనిక్ మీటినా ఊగేది నట్ (నెక్ కొసన తీగలు ఆనే గాళ్ళ పట్టీ) నుంచి శాడిల్ దాకా ఉన్న మొత్తం తీగే. శాడిల్ ముందుకున్నా వెనక్కున్నా ఈ రెండు స్వరాలూ కలిసే మారతాయి. కాబట్టి అవి రెండూ ఒకదానితో ఒకటి కలవడం లేదంటే లోపం తీగలోనే ఉంది. ఏ స్క్రూ తిప్పినా, ఏ బ్రిడ్జ్ వేసినా అది పోదు. అయితే హార్మోనిక్ కలిసినంత మాత్రాన తీగ నిక్షేపంగా ఉందని కూడా అనుకోకండి, కొన్ని రకాల అరుగుదల ఈ పరీక్షకు దొరకదు. కలవకపోతే మాత్రం తీగ చెడిందని ఖాయం చేసుకోవచ్చు.

తీగ కింది వైపు వేలికొన ఆనించి నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా జరిపి చూడండి. ఫ్రెట్లు తగిలే చోటల్లా చిన్న చిన్న నొక్కులు వేలికి తెలుస్తాయి. ట్యూనర్ సూది ఒకచోట నిలవకుండా అటూ ఇటూ ఊగుతున్నా అనుమానం తీగ మీదే పెట్టుకోవాలి. చెడిన తీగలో ఓపెన్ స్వరమూ, దానితోపాటు పుట్టే పై స్వరాలూ ఒకదానికొకటి సరిగ్గా రెట్టింపు, మూడింతలు కావు. అవి ఒకదానితో ఒకటి తగవు పడుతుంటే సూదికి స్థిరం ఎక్కడిది?

తీగ స్వరాన్ని తేల్చేవి పొడవు, బిగువు, బరువు. కొత్త తీగ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందం, ఒకే బరువుతో ఉంటుంది. ఫ్రెట్లు ఎక్కడెక్కడ ఉండాలో వేసిన లెక్కంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది. సగం దగ్గర నొక్కితే స్వరం పై స్థాయికి చేరాలంటే, సగం తీగ బరువు కూడా సరిగ్గా సగమే ఉండాలి. వాయించేకొద్దీ ఈ సమానత్వం పోతుంది. లావుగా ఉండే నాలుగు, ఐదు, ఆరో తీగల్లో లోపల ఉక్కు తీగ, దాని చుట్టూ సాధారణంగా నికెల్ పూత ఉన్న మరో సన్న తీగ చుట్టి ఉంటుంది. ఆ చుట్ల సందుల్లోకి చెమట, చర్మం మీది జిడ్డు, దుమ్ము దూరి అక్కడే గట్టిపడతాయి. అవి తీగంతటా సమానంగా చేరవు. క్వైర్ పాటలకు ఓపెన్ కార్డ్‌లే ఎక్కువ కాబట్టి మీ ఎడమ చెయ్యి చాలాసేపు మొదటి ఐదు ఫ్రెట్లలోనే తిరుగుతుంటుంది. మురికీ అక్కడే, నొక్కులూ అక్కడే.

ఇప్పుడు మీ ఆరో తీగ సంగతి చూద్దాం. ఓపెన్‌గా మీటినప్పుడు బరువెక్కిన భాగం కూడా ఊగుతుంది. బరువు స్వరాన్ని దించుతుంది కాబట్టి ట్యూనర్ చూసి మీరు తీగను ఇంకొంచెం బిగిస్తారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కగానే మురికి పట్టిన భాగం పక్కకు తప్పుకుంటుంది. పలికేది బ్రిడ్జ్ వైపున్న సగమే. దానికి మురికి తక్కువ, బిగువు మాత్రం మీరు అదనంగా ఇచ్చిందే. అందుకే స్వరం ఎక్కుతుంది. అరచెయ్యి బ్రిడ్జ్ దగ్గర ఆనించి పామ్ మ్యూట్ ఎక్కువగా వాయించేవాళ్ళకు ఇది తిరగబడుతుంది, చెమట ఆ చివర చేరి పై ఫ్రెట్లలో స్వరం దిగుతుంది. రెండు సగాల బరువుల మధ్య నూటికి ఒక వంతు తేడా వచ్చినా స్వరం నాలుగు సెంట్ల పైన కదులుతుంది. పక్కపక్క ఫ్రెట్ల మధ్య దూరం 100 సెంట్లు. కీబోర్డు పక్కన వాయించేటప్పుడు ఐదారు సెంట్ల తేడా చెవికి తెలిసిపోతుంది.

మురికి ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, ఎక్కడ ఉందన్నది కూడా లెక్కే. బట్టల దండెం మధ్యలో తడి దుప్పటి వేస్తే బాగా కుంగుతుంది, గుంజ పక్కన వేస్తే అంతగా కుంగదు. ఊగే తీగకూ అంతే. చివరల దగ్గర చేరిన బరువు స్వరాన్ని పెద్దగా కదిలించదు, మధ్యలో చేరింది బాగా కదిలిస్తుంది. ఏ ఫ్రెట్ నొక్కితే ఆ మేరకు తీగ మధ్యభాగం మారిపోతుంది కాబట్టి, పాత తీగ ఒక ఫ్రెట్ దగ్గర ఎక్కువ, ఇంకో ఫ్రెట్ దగ్గర తక్కువ పలుకుతుంది. శాడిల్‌తో ఒక్క పన్నెండో ఫ్రెట్‌ను సరిచేశాననుకున్నా ఐదో ఫ్రెట్, ఏడో ఫ్రెట్ తప్పుతూనే ఉంటాయి. మీకు జరిగింది ఇదేనని అనుకుంటున్నాను.

మన ఊళ్ళ వాతావరణం తీగలకు పెద్ద శత్రువు. కృష్ణ ఒడ్డున విజయవాడలోగానీ, మీ గుంటూరులోగానీ మే నెలలో వాయిస్తే పాట పూర్తయ్యేలోపు వేళ్ళు తడిసిపోతాయి. చెమటలోని ఉప్పు సన్న తీగల్ని తుప్పు పట్టిస్తుంది. వాటికి చుట్లు ఉండవు, నేరుగా ఉక్కే. వానాకాలంలో గాలిలో తేమ మిగతా పని పూర్తి చేస్తుంది. తుప్పు పట్టిన తీగ ఫ్రెట్లను కూడా అరగదీస్తుంది, ఫ్రెట్లు మార్చడం తీగలు మార్చడంకన్నా ఎన్నో రెట్లు ఖర్చు. అందుకని వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తీగల పైనా, కిందా తుడవండి. పాత పంచె ముక్క బాగా పనికొస్తుంది. వాయించే ముందు చేతులు కడుక్కుని తుడుచుకోండి. తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాసేవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి, నూనెకు దుమ్ము అంటుకుని మనం తప్పించుకోవాలనుకున్న బరువునే మళ్ళీ తెచ్చిపెడుతుంది.

తీగల్ని వేడినీళ్ళలో మరగబెట్టే అలవాటు ఒకటుంది. బేస్ గిటార్ తీగలు ఖరీదు కాబట్టి బేస్ వాయించేవాళ్ళు అలా చేయడంలో అర్థముంది. చుట్లలోని జిడ్డు కొంత వదిలి మోత కాస్త తేటపడుతుంది. కానీ నొక్కులు పోవు, తుప్పు పోదు. మీ గిటార్‌కు ఆ శ్రమ అనవసరం. వారానికి ఒకటి రెండుసార్లు వాయిస్తే మూడు నెలలకు, రోజూ గంటసేపు వాయిస్తే నెలా రెండు నెలలకు ఒకసారి తీగలు మార్చుకోండి. గడువు రాకముందే హార్మోనిక్ కలవకపోతే మాత్రం క్యాలెండర్ చూడకుండా మార్చేయండి. పైన సన్నని పొర పూసిన కోటెడ్ తీగలు కూడా దొరుకుతాయి. ధర ఎక్కువే అయినా, చెమట బాగా పట్టే చేతులకు అవి నిజంగా ఎక్కువ రోజులు వస్తాయి.

కొత్త తీగలు ఇప్పుడున్న గేజ్‌లోనే, అంటే అదే మందంలో కొనండి. ఇలాంటి గిటార్లు ఎక్కువగా 9–42 లేదా 10–46 సెట్‌తో (సన్న తీగ నుంచి లావు తీగ దాకా మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వస్తాయి. ట్రెమొలో బ్రిడ్జ్‌లో (చేతి కడ్డీతో ఊపగలిగే బ్రిడ్జ్) తీగల బిగువూ, వెనకనున్న స్ప్రింగుల బిగువూ ఒకదానికొకటి సరిపోయి ఉంటాయి. గేజ్ మారిస్తే ఆ తూకం చెడుతుంది, బ్రిడ్జ్ లేస్తుంది లేదా కుంగుతుంది. తీగల్ని ఒక్కొక్కటిగా మార్చండి, అన్నీ ఒకేసారి విప్పకండి. వేశాక ప్రతి తీగనూ మెల్లగా పైకి లాగి వదిలి, మళ్ళీ ట్యూన్ చేయండి, శ్రుతి దిగడం ఆగేదాకా. శాడిల్‌కు కాస్త ముందు తీగను వేలితో ఒకసారి కిందికి నొక్కండి. అక్కడ తీగ వంపు తిరిగి ఉండిపోతే కొత్త తీగ కూడా ఇంటొనేషన్‌లో అబద్ధం చెబుతుంది. ఈ చిన్న పనిని చాలామంది వదిలేస్తారు. ఒక రోజు ఆగండి.

షాపులో పాత తీగల కోసం జరిపిన శాడిళ్ళు ఇప్పుడు కొత్త తీగలకు సరిపోకపోవచ్చు. ముందు ఫోన్‌తో బ్రిడ్జ్ ఫోటో తీసుకోండి. స్ట్రాట్ తరహా గిటార్‌లో నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా దాదాపు 324 మిల్లీమీటర్లు, శాడిల్ దాకా దానికి రెట్టింపు, 648. మొదటి తీగ శాడిల్ ఆ రెట్టింపు కొలతకు దగ్గర్లో ఉండాలి, మిగతావి అంతకన్నా వెనక. పైనుంచి చూస్తే మొదటి, రెండు, మూడు తీగల శాడిళ్ళు ఒక మెట్ల వరుసలా వెనక్కి వెళ్తాయి. నాలుగో తీగ దగ్గర మళ్ళీ ముందుకొచ్చి, ఆరో తీగ దాకా ఇంకో వరుస వెనక్కి వెళ్తుంది. ఈ ఆకారం బాగా చెదిరి ఉంటే శాడిళ్ళను ఎలా జరిపారో మీకే అర్థమవుతుంది.

గిటార్‌ను టేబుల్ మీద పడుకోబెట్టకండి, వాయించేటప్పుడు పట్టుకున్నట్టే ఒళ్ళో పట్టుకోండి. కేబుల్‌తో ట్యూనర్‌కు కలిపితే మంచిది. ఫోన్ యాప్ వాడితే ఫ్యాన్ ఆపండి. హార్మోనిక్ మీటి చూడండి, తర్వాత పన్నెండో ఫ్రెట్‌లో మామూలుగా నొక్కి చూడండి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే తీగ పొడవు చాలడం లేదన్నమాట, శాడిల్‌ను వెనక్కి, అంటే నెక్‌కు దూరంగా జరపాలి. తక్కువగా ఉంటే ముందుకు. జరిపే ముందు తీగను వదులు చేయండి, లేకపోతే స్క్రూ తల చెడిపోతుంది. జరిపిన ప్రతిసారీ ఓపెన్ స్వరం మళ్ళీ సరిచేసి, తర్వాతే మళ్ళీ పోల్చండి. శాడిల్ ఒక మిల్లీమీటరు జరిగితే వచ్చే మార్పు రెండున్నర సెంట్లకు కొంచెం పైన. కాబట్టి ఐదు సెంట్లు తగ్గించాలంటే దాదాపు రెండు మిల్లీమీటర్లు జరపాలి, స్క్రూ చాలాసార్లే తిప్పాల్సి వస్తుంది. కంగారు పడకండి. రెండు సెంట్ల లోపు వచ్చాక ఆపేయండి.

మీ మూడో తీగ ఒక్కోసారి ఒక్కోలా పలకడానికి పాతదనం ఒక కారణమైతే, మీ చెయ్యి ఇంకో కారణం కావచ్చు. చుట్లు లేని మూడు తీగల్లో అదే లావు. 9–42 సెట్‌లో అంగుళంలో వెయ్యింట 16 వంతులు. లోపలి ఉక్కు ఎంత లావైతే, నొక్కినప్పుడు సాగే కొద్దిపాటి సాగుడుకే స్వరం అంత ఎక్కువగా పైకి పోతుంది. ఆరో తీగ చూడటానికి లావుగా ఉన్నా ఆ లావులో చాలా భాగం పైన చుట్టిన తీగదే. అందుకే గట్టిగా నొక్కితే అన్నిటికన్నా ముందు బయటపడేది మూడో తీగే. టెన్షన్‌లో ఉన్నప్పుడు వేళ్ళు మరీ బిగుసుకుంటాయి. ట్యూనర్ చూస్తూ ఒకే ఫ్రెట్‌ను మెల్లగా, తర్వాత గట్టిగా నొక్కి చూడండి. ఎంత తేలిగ్గా నొక్కితే స్వరం తేటగా వస్తుందో వేళ్ళకు తెలిసిపోతుంది, అక్కడి నుంచి అభ్యాసమే.

ఇక మీ అక్కగారు. ఆవిడ చెవి నిజమే చెబుతోంది. తంబురాలో మంద్ర షడ్జమం మీటితే దానిలోంచి అంతర గాంధారం దానంతటదే వినిపిస్తుంది. ఆ గాంధారం షడ్జమానికి 386 సెంట్ల ఎత్తులో ఉంటుంది. గిటార్, కీబోర్డుల్లో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేశారు కాబట్టి అదే గాంధారం 400 సెంట్ల దగ్గర పడుతుంది. 14 సెంట్లు ఎక్కువ. పంచమం తేడా రెండు సెంట్లే కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. కొత్త తీగలు వేసి, శాడిల్ అంతా సరిచేసినా ఈ 14 సెంట్లు ఉంటాయి. అది మీ గిటార్ లోపం కాదు. వీణకు 24 మెట్లనూ మైనంలో అమరుస్తారు. నూజివీడులో వీణ చేసేవాళ్ళు ఒక్కో మెట్టునూ ఆ తీగ మీదే పలికించి, చెవితో విని, మైనం గట్టిపడకముందే జరిపి నిలబెడతారు. ఎప్పుడైనా తేడా వస్తే మైనం కరిగించి మళ్ళీ అమర్చవచ్చు. గిటార్‌లో ఫ్రెట్లు కర్రలోకి దిగగొట్టి ఉంటాయి. మన చేతిలో ఉన్నది తీగ చివరనున్న ఆ ఒక్క శాడిలే. ఆవిడ చెవికి ఇంపుగా ఉండాలని ఈ మేజర్‌లో గాంధారం కోసం మూడో తీగను దించారనుకోండి, అదే తీగ ఓపెన్‌గా పలికే జీ మేజర్ వచ్చేసరికి కీబోర్డుతో తేడా వస్తుంది. కీబోర్డు పక్కన ఉన్నంతవరకు ట్యూనర్ చెప్పినట్టే ఉంచండి. డిస్టార్షన్ (మోతను గరగరలాడించే ఎఫెక్ట్) వేసినప్పుడు గాంధారం గరుకుదనం బాగా బయటపడుతుంది. అప్పుడు గాంధారం వదిలేసి షడ్జమం, పంచమం మాత్రమే ఉండే పవర్ కార్డ్‌లు వాయించండి. ఆవిడకూ హాయిగా ఉంటుంది.

ఒకటి మాత్రం చూసుకోండి. ఈ మేజర్‌లో ఆ గాంధారం మూడో తీగ మొదటి ఫ్రెట్‌లో పలుకుతుంది. నట్‌లోని గాడి ఎత్తుగా ఉంటే మొదటి రెండు మూడు ఫ్రెట్లలో నొక్కిన స్వరాలన్నీ ఎక్కువే పలుకుతాయి, అప్పుడు 14 సెంట్లకు మరికొన్ని తోడవుతాయి. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి మొదటి ఫ్రెట్ వైపు చూడండి. తీగకూ ఫ్రెట్‌కూ మధ్య వెంట్రుకంత సందు ఉంటే చాలు. అంతకన్నా బాగా ఎక్కువగా కనిపిస్తే గాడి లోతు చేయాలి. దానికి ప్రత్యేకమైన ఆకురాళ్ళు కావాలి, మీరు చేయకండి. గాడి ఒక్కసారి ఎక్కువ లోతైతే నట్టే మార్చాల్సి వస్తుంది. నెక్ వంపు కూడా ఒకసారి చూసుకోండి. మొదటి ఫ్రెట్‌నూ, నెక్ బాడీలో కలిసే చోటి ఫ్రెట్‌నూ ఒకేసారి నొక్కితే ఏడో ఫ్రెట్ దగ్గర విజిటింగ్ కార్డు మందం సందు ఉండటం మామూలే. వేసవికీ వానాకాలానికీ ఇది మారుతుంటుంది. సందు చాలా ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ) పని తెలిసినవాళ్ళకు చూపించండి, ఇంటొనేషన్ పని దాని తర్వాతే.

వచ్చే శుక్రవారం తీగలు వేసి, శనివారం శాడిళ్ళు చూసుకుంటే ఆదివారానికి గిటార్ సిద్ధంగా ఉంటుంది. చర్చికి ఎండలో బండి మీద తీసుకెళ్తే తీగలు వేడెక్కి శ్రుతి దిగుతుంది. హాల్లోకి వెళ్ళగానే ట్యూన్ చేయకుండా పావుగంట ఆగి చేయండి. కొత్త తీగలతో కూడా ఏ తీగైనా మొండికేస్తే నాకు మళ్ళీ రాయండి. ఆ తీగ ఓపెన్‌గా, హార్మోనిక్‌లో, పన్నెండో ఫ్రెట్‌లో, మొదటి ఫ్రెట్‌లో ట్యూనర్ ఎంత చూపించిందో నాలుగు అంకెలూ రాసి, బ్రిడ్జ్ ఫోటో జత చేయండి.